కనిపెట్టాక ఏం చేస్తున్నాం?

జ్వరమని వెళ్లినా, మోకాళ్ల నొప్పులని వెళ్లినా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇప్పుడు ముందు బీపీ చూస్తున్నారు. వయసు 30 దాటితే వేలికి సూది గుచ్చి షుగర్ చూస్తున్నారు. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి పొగాకు అలవాటుందా, నోట్లో మానని పుండుందా, రెండు వారాలు దాటిన దగ్గుందా అని అడిగి ఫారం నింపుకుంటోంది. అమెరికా, బ్రిటన్ లాంటి చోట్ల ఇంకాస్త ముందుకెళ్లి, ఇంటి అద్దె కట్టగలుగుతున్నారా, నెలాఖరు దాకా తిండి సరిపోతోందా, ఇంట్లో ఎవరివల్లనైనా భయముందా అని కూడా రోగిని అడుగుతున్నారు. రోగి ఒక పని మీద వస్తాడు. అతను వచ్చాడు కదా అని వైద్య వ్యవస్థ మరో నాలుగు సంగతులు తెలుసుకోవాలనుకుంటోంది.

ఈ ఆలోచనను తప్పుపట్టడానికేమీ లేదు. జబ్బు ముదిరేదాకా ఆగడం కంటే ముందే పట్టుకోవడం మేలు. మనిషి ఏం తింటున్నాడో, ఎక్కడ పడుకుంటున్నాడో తెలియకుండా రాసిన మందు సగం వైద్యమే. అయితే ఆలోచన మంచిదైనంత మాత్రాన ఫలితం మంచిదవ్వాలని లేదు. మామూలు ఆసుపత్రిలో, ఉన్న సిబ్బందితో, రోజువారీ రద్దీలో ఈ పరీక్షలూ ఈ ప్రశ్నలూ పెట్టినప్పుడు జనం ఆరోగ్యం నిజంగా బాగుపడిందా? దీని మీద గత 70 ఏళ్లలో పెద్ద ప్రయోగాలే జరిగాయి. కొన్ని మన గోదావరి పల్లెల్లో జరిగాయి. అన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. జబ్బు కనిపెట్టినందువల్ల ప్రాణాలు నిలవడం లేదు. కనిపెట్టిన చోటే, ఆలస్యం కాకుండా, చేతికందే సాయం ఉన్నప్పుడు నిలుస్తున్నాయి. ఆ సాయం పనిచేస్తుందో లేదో కూడా ముందే అనుకుంటే సరిపోదు, పరీక్షించి తెలుసుకోవాల్సిందే. ఈ రెండు మాటలకూ ఆధారాలేమిటో చూద్దాం.

ఆరోగ్యంగా ఉన్నవారికి పరీక్షలు

1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం జేమ్స్ విల్సన్, గున్నార్ యుంగ్నర్ అనే ఇద్దరు నిపుణులు ముందస్తు పరీక్షలకు 10 సూత్రాలు రాశారు. జబ్బుకు అందరూ ఒప్పుకున్న చికిత్స ఉండాలనీ, నిర్ధారణకూ వైద్యానికీ సదుపాయాలు అందుబాటులో ఉండాలనీ, వెతకడం ఒక్కసారితో ముగిసిపోకుండా నిరంతరం సాగాలనీ అందులో ఉంది. ఈనాటికీ స్క్రీనింగ్ గురించి మాట్లాడేవాళ్లంతా ఆ సూత్రాల దగ్గరే మొదలుపెడతారు. పాటించడం దగ్గరికి వచ్చేసరికి మాత్రం పరీక్ష ముందు పరుగెడుతుంది, చికిత్స వెనకబడుతుంది.

ఏ లక్షణమూ లేనివాళ్లకు ఏడాదికోసారి అన్ని పరీక్షలూ చేయించే పద్ధతి మీద సాక్ష్యం చాలా స్పష్టంగా ఉంది. అలాంటి సాధారణ ఆరోగ్య పరీక్షల మీద జరిగిన 17 ప్రయోగాలను, అంటే రెండున్నర లక్షల మంది సమాచారాన్ని, 2019లో కోక్రేన్ సంస్థ సమీక్షించింది. మొత్తం మరణాల్లో తేడా లేదు, ఉన్నా అత్యల్పం. డెన్మార్క్‌లో కోపెన్‌హాగన్ శివార్లలో జరిగిన ‘ఇంటర్ 99’ అధ్యయనంలో దాదాపు 60 వేల మంది ఉన్నారు. కొందరిని పరీక్షలకు పిలిచి, ముప్పు ఉన్నవాళ్లకు తిండి, వ్యాయామం, పొగ మానడం గురించి ఐదేళ్ల పాటు సలహాలిచ్చారు. పదేళ్ల తర్వాత చూస్తే గుండె జబ్బుల్లో గానీ, మరణాల్లో గానీ పిలవని బృందానికీ వీళ్లకూ తేడా కనబడలేదు.

అవసరం లేని పరీక్ష చేసే కీడు కూడా ఉంది. దక్షిణ కొరియాలో 1999లో జాతీయ క్యాన్సర్ స్క్రీనింగ్ మొదలయ్యాక, దానికి తోడు చవకగా థైరాయిడ్ స్కానింగ్ చేయించుకోవడం అలవాటైంది. 1993తో పోలిస్తే 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ నిర్ధారణలు 15 రెట్లయ్యాయి. ఆ క్యాన్సర్‌తో చనిపోయేవారి సంఖ్య మాత్రం మారలేదు. బతికినన్నాళ్లూ ఏమీ చేయని గడ్డల కోసం వేల మంది గొంతు కోయించుకుని, జీవితాంతం మాత్రలు మింగాల్సి వచ్చింది. హైదరాబాద్, విజయవాడ ఆసుపత్రుల్లో మాస్టర్ హెల్త్ చెకప్ ప్యాకేజీ కొనేముందు ఈ లెక్క తెలుసుకోవడం అవసరం.

అలాగని డెన్మార్క్ ఫలితాన్ని తెచ్చి మన మీద నేరుగా రుద్దకూడదు. అక్కడ పరీక్షకు పిలవని మనిషికి కూడా ఒక కుటుంబ డాక్టరున్నాడు. ఏదో ఒక పని మీద వెళ్లినప్పుడు ఆయన బీపీ చూస్తూనే ఉన్నాడు. ఐసీఎంఆర్ తరఫున జరిగిన అధ్యయనం 2023లో ఇచ్చిన అంచనా ప్రకారం మన దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్, 31.5 కోట్ల మందికి బీపీ ఉన్నాయి. వీళ్లలో చాలామందికి ఆ సంగతి తెలియదు. కాబట్టి మనకు వెతకడం అవసరమే. వెతికి పట్టుకున్నాక ఏం జరుగుతోందన్నది అసలు ప్రశ్న. దానికి జవాబు వెతికిన తొలి చోట్లలో గోదావరి జిల్లాలు ఉన్నాయి.

గోదావరి పల్లెల పాఠం

2003–04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో జరిగిన మరణాలన్నిటికీ కారణాలు సేకరించారు. ఇంటింటికీ వెళ్లి, చివరి రోజుల్లో ఏం జరిగిందో కుటుంబసభ్యులను అడిగి రాసుకున్న సమాచారమది. పల్లెల్లో జనం అంటువ్యాధులతోనే ఎక్కువగా పోతారన్న నమ్మకాన్ని ఆ లెక్క తలకిందులు చేసింది. మూడో వంతుకు దగ్గరగా, 32 శాతం మరణాలు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే జరిగాయి. గుండెపోటు, పక్షవాతం అప్పటికే పల్లెలో ప్రథమ స్థానానికి చేరాయి.

తర్వాత అదే ప్రాంతంలో ఒక ప్రయోగం జరిగింది. డాక్టర్లు కాని ఆరోగ్య కార్యకర్తలకు ఒక పద్ధతి నేర్పి, గుండె జబ్బు ముప్పు ఎక్కువున్నవారిని గుర్తించి డాక్టరు దగ్గరికి పంపమన్నారు. 2012లో ఫలితాలొచ్చాయి. కార్యకర్తలు తమ పని చేశారు. ముప్పున్నవారిని గుర్తించడం స్పష్టంగా పెరిగింది. కానీ చికిత్సకు సంబంధించిన చాలా అంశాల్లో మార్పు రాలేదు. కార్యకర్తకు మందు రాసే అధికారం లేదు. అధికారమున్న డాక్టరు పల్లెలో లేడు. మధ్యలో ఉన్న బస్సు ఛార్జీ, పోయిన కూలి, ఆసుపత్రిలో పడిగాపులు రోగి నెత్తిన పడ్డాయి.

తర్వాతి ప్రయత్నం ఇంకా పకడ్బందీగా జరిగింది. పశ్చిమ గోదావరిలో 18 పీహెచ్‌సీల కింద ఉన్న 54 పల్లెల్లో ‘స్మార్ట్‌హెల్త్ ఇండియా’ పేరుతో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్‌లిచ్చారు. బీపీ, వయసు, అలవాట్లు నమోదు చేస్తే ముప్పు ఎంతో ట్యాబే చెబుతుంది. ఆ సమాచారం డాక్టరుకు చేరుతుంది, ఏ మందు మొదలుపెట్టాలో ఆయనకూ సూచన వస్తుంది. ఇన్ని ఏర్పాట్లు చేశాక కూడా, 2019లో వెలువడిన ఫలితాల ప్రకారం బీపీ అదుపులో ఉన్నవారు ప్రయోగ కాలంలో 41 శాతం, మామూలు వైద్యం సాగిన కాలంలో 39 శాతం. తేడా లేనట్టే. మంచి యంత్రం, శిక్షణ పొందిన మనిషి ఉన్నా మందు క్రమం తప్పకుండా నోట్లో పడేదాకా గొలుసు తెగకుండా ఉండాలని ఆ పల్లెలు చెప్పాయి.

గొలుసు తెగకుండా ఉంటే ఏమవుతుందో చెప్పిన ప్రయోగం పొరుగు దేశాల్లో జరిగింది. బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంకల్లో 30 గ్రామీణ ప్రాంతాల్లో, 2,645 మంది బీపీ రోగులతో. కార్యకర్తలు మూడు నెలలకోసారి ఇంటికే వెళ్లి బీపీ చూశారు, కుటుంబాన్ని కూర్చోబెట్టి మాట్లాడారు. డాక్టర్లకు శిక్షణ ఇచ్చారు. ఇద్దరి మధ్యా సమన్వయం కుదిర్చారు. రెండేళ్లకు బీపీ మామూలు వైద్యం పొందిన వారికంటే 5.2 పాయింట్లు ఎక్కువ తగ్గింది. చూడ్డానికి చిన్న అంకెలా ఉన్నా, కోట్ల జనాభాకు వర్తింపజేస్తే ఎన్నో పక్షవాతాలు ఆగుతాయి.

మన దేశంలో 2017లో ఐదు రాష్ట్రాల్లోని 25 జిల్లాల్లో మొదలైన హైపర్‌టెన్షన్ నియంత్రణ కార్యక్రమం ఈ పాఠాన్ని అందుకుంది. ఆ ఐదింటిలో తెలంగాణ ఒకటి. వేరే పని మీద వచ్చిన పెద్దవాళ్లందరికీ బీపీ చూడడం అందులో మొదటి మెట్టు మాత్రమే. అందరు డాక్టర్లూ పాటించే ఒకే చికిత్సా క్రమం, నెలకు సరిపడా ఉచిత మాత్రలు, రాని రోగిని ఫోన్ చేసి పిలవడం, ఎంతమందికి బీపీ అదుపులోకి వచ్చిందో ప్రతి కేంద్రం లెక్క చెప్పడం దానికి ప్రాణం. ఈ కార్యక్రమానికి 2022లో ఐక్యరాజ్యసమితి అవార్డు వచ్చింది. కొత్త యంత్రమేదీ కనిపెట్టినందుకు కాదది, మందుల గదిలో మాత్రలు ఖాళీ కాకుండా చూసినందుకు.

ఫలితమిచ్చిన పరీక్షలు

సరైన జబ్బుకు, సరైన వయసులో, చికిత్సతో కలిపి చేసిన పరీక్ష ప్రాణాలు కాపాడుతుందని ప్రపంచానికి రుజువు చేసిన ప్రయోగాల్లో కొన్ని భారతదేశంలోనే జరిగాయి. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో 30–59 ఏళ్ల మధ్య వయసున్న 1,31,746 మంది స్త్రీలతో జరిగిన ప్రయోగం 2009లో వెలువడింది. జీవితంలో ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసి, తేడా ఉన్నవారికి చికిత్స చేస్తే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. తమిళనాడులోని దిండిగల్ జిల్లాలో నర్సులే వెనిగర్ రాసి కంటితో చూసే పద్ధతితో మరణాలు 35 శాతం తగ్గాయి. ముంబై మురికివాడల్లో టాటా మెమోరియల్ ఆసుపత్రి అదే పద్ధతిని పదో తరగతి చదివిన స్థానిక స్త్రీలకు నేర్పి చేయించింది. అక్కడ 31 శాతం తగ్గాయి. తిరువనంతపురంలో నోటి క్యాన్సర్ కోసం నోరు తెరిపించి చూసిన ప్రయోగంలో పొగాకు, మద్యం అలవాటున్నవారిలో మరణాలు 34 శాతం తగ్గాయి.

దిండిగల్‌లో పరీక్ష చేసిన నర్సే, అనుమానం ఉన్న చోట, వీలైతే అదే రోజు, ఆ భాగాన్ని గడ్డకట్టించే చికిత్స చేసింది. మళ్లీ రమ్మని పంపిస్తే ఎంతమంది రారో ఆ ఊళ్లు తెలిసినవాళ్లు ఊహించగలరు. నాట్లు, కోతలు, పిల్లలు, అత్తగారి అనుమతి, పక్కింటివాళ్ల ప్రశ్నలు, ఇన్ని దాటి రావాలి.

ఇంత రుజువు మన దేశంలోనే ఉన్నా ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి, అంటే 2019–21లో, 30–49 ఏళ్ల స్త్రీలలో ఎప్పుడైనా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నవారు దేశంలో 2 శాతం లోపే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కూడా 5 శాతం దాటలేదు. పనికిరాదని తేలిన మొత్తం శరీర పరీక్షలకు ప్రకటనలు, ప్యాకేజీలు. పనిచేస్తుందని తేలిన పరీక్షకు పీహెచ్‌సీలో తెర కట్టిన గది కూడా కరువు. ఈ తారుమారును సరిచేయకుండా స్క్రీనింగ్ విజయాల గురించి మాట్లాడడం న్యాయం కాదు.

పెట్టిన తిండి, తగ్గిన జబ్బు

జబ్బుతో పాటు మనిషి బతుకును కూడా చూడాలన్న వాదనకు అన్నిటికంటే గట్టి సాక్ష్యం క్షయ నుంచే వచ్చింది. 1956లో మద్రాసులో ఒక చరిత్రాత్మక ప్రయోగం మొదలైంది. క్షయ రోగులను శానిటోరియంలో ఉంచి మంచి తిండి, విశ్రాంతి ఇస్తూ వైద్యం చేస్తే నయమా, ఇంట్లోనే ఉంచి మందులిస్తే నయమా అన్నది ప్రశ్న. ఇంట్లో ఉన్నవారు, తిండి తక్కువైనా, పని తప్పకపోయినా, మందులు సరిగా పడితే దాదాపు సమానంగా కోలుకున్నారు. ఆ ఫలితం ప్రపంచమంతటా క్షయ వైద్యాన్ని శానిటోరియం గోడలు దాటించి ఇళ్లకు చేర్చింది. అంతవరకు గొప్ప మేలే జరిగింది. దానితో పాటు తిండికి అంత ప్రాధాన్యం లేదన్న అభిప్రాయం కూడా వైద్యుల్లో స్థిరపడి, దశాబ్దాల పాటు క్షయ కార్యక్రమాలు మాత్రల చుట్టూనే తిరిగాయి.

ఆరు దశాబ్దాల తర్వాత జార్ఖండ్‌లో ‘రేషన్స్’ ప్రయోగం ఆ ప్రశ్నను మళ్లీ తెరిచింది. డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవి భార్గవల బృందం నాలుగు జిల్లాల్లో 2,800 మంది రోగులను, వాళ్ల ఇళ్లలోని 10,345 మందిని తీసుకుంది. రోగులందరికీ ఆరు నెలల పాటు నెలకు 10 కిలోల ఆహారం ఇచ్చారు. సగం ప్రాంతాల్లో రోగి కుటుంబసభ్యులకు కూడా తలకు నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు ఇచ్చారు. ఏ ప్రాంతంలో ఇవ్వాలన్నది యాదృచ్ఛికంగా నిర్ణయించారు. 2023లో వచ్చిన ఫలితం: ఆహారం అందిన కుటుంబాల్లో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. ఇతరులకు అంటించే ఊపిరితిత్తుల క్షయ 48 శాతం తగ్గింది. రోగుల్లో ప్రతి ఐదుగురిలో నలుగురు మొదట్లో ఉండాల్సిన బరువు కంటే తక్కువున్నారు. మొదటి రెండు నెలల్లో బరువు పెరిగినవాళ్లలో మరణాలు తక్కువగా కనిపించాయి. రోగులందరికీ ఆహారం ఇచ్చారు కాబట్టి ఈ రెండో విషయానికి మొదటిదానికున్నంత బలం లేదు. బియ్యం, పప్పు ఒక టీకా చేసినంత పని చేశాయన్నది మాత్రం నిలబడే నిజం.

మద్రాసు ఫలితం అబద్ధమని దీనర్థం కాదు. అక్కడి ప్రశ్న, రోగి మందులతో కోలుకుంటాడా అని. ఇక్కడి ప్రశ్న, ఆ ఇంట్లో మిగిలినవాళ్లకు జబ్బు రాకుండా ఉంటుందా అని. ప్రశ్న మారితే జవాబు మారుతుంది. మన ప్రభుత్వం 2018 నుంచి నిక్షయ్ పోషణ్ యోజన కింద క్షయ రోగికి నెలకు 500 రూపాయలు ఇచ్చింది. 2024 చివర్లో దాన్ని 1,000 చేసింది. ‘రేషన్స్’ నేర్పింది ఇంకా ఒకటుంది: సాయం రోగి దగ్గర ఆగకుండా ఇంటిల్లిపాదికీ చేరాలి.

తిండి పెడితే ప్రతి జబ్బూ తగ్గుతుందని కూడా అనుకోకూడదు. అమెరికాలో షుగర్ అదుపులో లేని, తిండికి ఇబ్బంది పడే 465 మందితో ఒక ప్రయోగం జరిగింది. ఒక బృందానికి, వాళ్ల కుటుంబాలకు కూడా, వారానికి 10 పూటలకు సరిపడా మంచి ఆహారం, పోషకాహార నిపుణుల సలహాలు ఇచ్చారు. ఆరు నెలలకు మూడు నెలల సగటు చక్కెర ఆ బృందంలో 1.5 పాయింట్లు తగ్గింది. ఏమీ ఇవ్వని బృందంలోనూ 1.3 తగ్గింది. తేడా లెక్కకు రాదు. లేమి జబ్బుకు నేరుగా కారణమైన చోట తిండి మందవుతుంది. జబ్బు వేళ్లు మరెక్కడో ఉన్న చోట అదొక్కటే చాలదు. ఏ సాయం ఏ జబ్బుకు పనిచేస్తుందో విడివిడిగా చూడక తప్పదు.

బతుకు గురించి అడగడం

అమెరికాలో బాస్టన్ నగరంలోని 8 ఆరోగ్య కేంద్రాల్లో పసిపిల్లల తల్లులను చదువు, ఉద్యోగం, పిల్లల సంరక్షణ, తిండి, ఇల్లు గురించి అడిగి, అవసరమున్నవారికి స్థానిక సంస్థల వివరాలిచ్చిన ప్రయోగం 2015లో వెలువడింది. కొత్తగా ఏదో ఒక సాయం పొందినవారు ప్రయోగ బృందంలో 39 శాతం, మామూలు బృందంలో 24 శాతం. మరుసటి ఏడాది శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతపు ఆసుపత్రుల్లో జరిగిన ప్రయోగంలో ఒక మనిషి పక్కనుండి దరఖాస్తులు నింపించి, ఫోన్లు చేసి నడిపిస్తే, కాగితం ఇచ్చి పంపడం కంటే కుటుంబ కష్టాలు తగ్గాయి, పిల్లల ఆరోగ్యమూ మెరుగైందని తల్లిదండ్రులు చెప్పారు. అదే పరిశోధకులు 2020లో మరో ప్రయోగం చేస్తే, ఆ కుటుంబానికి తగినట్టు రాసిచ్చిన వివరాలకూ, మనిషి సాయానికీ తేడా రాలేదు. రెండు బృందాలూ బాగుపడ్డాయి. రెంటినీ పోల్చి చూడకపోతే బాగుపడడమంతా మనిషి సాయం ఖాతాలోకే వెళ్లేది.

పోలిక బృందం ఎందుకుండాలో కామ్‌డెన్ కథ ఇంకా గట్టిగా చెబుతుంది. న్యూజెర్సీ రాష్ట్రంలోని ఈ పేద పట్టణంలో పదేపదే ఆసుపత్రి పాలయ్యే రోగులను గుర్తించి, నర్సులు, సామాజిక కార్యకర్తల బృందం వాళ్ల ఇళ్లకెళ్లి మందులు, డాక్టరు అపాయింట్‌మెంట్లు, ఇల్లు, పథకాలు అన్నీ చూసేది. ఆ పని దేశమంతా ఆదర్శమైంది. అయినా ఆ సంస్థ నిర్వాహకులు తమ పనిని తామే పరీక్షకు పెట్టడానికి ఒప్పుకున్నారు. 800 మందిని యాదృచ్ఛికంగా రెండు బృందాలు చేశారు. 2020లో ఫలితం వచ్చింది: ఆరు నెలల్లో మళ్లీ ఆసుపత్రిలో చేరినవారు ప్రయోగ బృందంలో 62.3 శాతం, మామూలు బృందంలో 61.7 శాతం. ప్రయోగ బృందాన్ని ఒక్కదాన్నే ముందూ వెనకా పోల్చి ఉంటే చేరికలు దాదాపు 40 శాతం తగ్గినట్టు కనిపించేది. ఈ సాయం అందని బృందంలో కూడా అంతే తగ్గాయి. మనిషి మరీ కుదేలైన రోజుల్లో మనం అతన్ని ఎంచుకుంటాం. అక్కడి నుంచి కొంత తేరుకోవడం చాలామందిలో సహజంగానే జరుగుతుంది. ఆ తేరుకోవడాన్ని మన గొప్పగా రాసుకోవడం చాలా తేలిక.

స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో పేద వాడల క్లినిక్‌లలో ‘లింక్ వర్కర్లు’ అనే సహాయకులను పెట్టిన 2019 నాటి అధ్యయనంలో మొత్తం మీద ఫలితం కనబడలేదు. సహాయకుణ్ని మూడుసార్లో అంతకంటే ఎక్కువసార్లో కలిసినవారిలో మేలు కనిపించింది. కలిసినవారు మొదటి నుంచే పట్టుదల ఉన్నవారేమోనన్న అనుమానం మిగులుతుంది కానీ, ఒక్క పలకరింపుతో బతుకు మారదన్నది కొట్టిపారేయలేం. అమెరికా ప్రభుత్వం 2017–22 మధ్య పది లక్షల మందికి పైగా రోగులను ఇల్లు, తిండి, రవాణా, కరెంటు బిల్లులు, భద్రత గురించి ప్రశ్నించిన కార్యక్రమంలో అత్యవసర విభాగానికి రావడం కొంత తగ్గింది. సమస్య తీరినట్టు నమోదైనవారు మాత్రం తక్కువ. అద్దె ఇళ్లే లేని ఊళ్లో ఇల్లు కావాలా అని అడిగి లాభమేమిటి?

అడగకూడని చోట అడగడం

ఇంట్లో హింస గురించి అడిగే ప్రశ్న వీటన్నిటికంటే సున్నితమైనది. పక్కనే భర్త నిలబడి ఉండగా అడిగితే ఆ రాత్రి ఆమెకు దెబ్బలు పెరగవచ్చు. షికాగోలో 2,700 మంది స్త్రీలతో జరిగిన ప్రయోగంలో కంప్యూటరు మీద ప్రశ్నలు అడిగి సాయం చేసే సంస్థల జాబితా ఇచ్చారు. ఏడాది తర్వాత వాళ్ల జీవితంలో మెరుగు కనబడలేదు. ఆసుపత్రికి వచ్చిన ప్రతి స్త్రీనీ అడగమని తాము సిఫారసు చేయడం లేదని 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చింది. గాయాలు, లక్షణాలు సూచిస్తున్నప్పుడు, శిక్షణ పొందినవారు, ఏకాంతంగా, పంపడానికి ఒక చోటు ఉన్నప్పుడు అడగాలంది.

పంపడానికి చోటుంటే ఏం జరుగుతుందో లండన్‌లోని హ్యాక్నీలో, బ్రిస్టల్ నగరంలో ఉన్న 48 క్లినిక్‌లలో 2011లో తేలింది. సగం క్లినిక్‌లలో డాక్టర్లకు శిక్షణ ఇచ్చి, పేరూ ముఖమూ తెలిసిన ఒక సహాయకురాలిని జతచేశారు. ఆ క్లినిక్‌ల నుంచి సహాయానికి పంపినట్టు నమోదైనవారు 223 మంది. మిగిలిన సగం క్లినిక్‌ల నుంచి 12 మంది. మన దేశంలో ముంబైలోని బాంద్రా భాభా ఆసుపత్రిలో 2000లో మొదలైన ‘దిలాసా’ కేంద్రం ఇదే దారి వేసింది. గాయాలతో వచ్చిన స్త్రీకి ఆసుపత్రిలోనే కౌన్సెలర్, న్యాయ సలహా, అవసరమైతే తల దాచుకునే చోటు దొరికాయి.

మనసు జబ్బుల్లోనూ అంతే. గోవాలో 24 క్లినిక్‌లలో జరిగిన ‘మానస్’ ప్రయోగంలో వచ్చిన రోగులందరినీ చిన్న ప్రశ్నావళితో చూసి, కుంగుబాటు, ఆందోళన ఉన్నవారికి శిక్షణ పొందిన స్థానిక కౌన్సెలర్ల సాయం అందించారు. 2010లో వచ్చిన ఫలితాల్లో, ప్రభుత్వ కేంద్రాల్లో ఆరు నెలలకు కోలుకున్నవారు 66 శాతం, మామూలు వైద్యంలో 43 శాతం. ప్రైవేటు డాక్టర్ల దగ్గర మాత్రం తేడా రాలేదు. అక్కడ మామూలు వైద్యంతోనే మూడింట రెండు వంతుల మంది కోలుకున్నారు. ఒకే సాయం ఒక చోట ప్రాణదానమై, పక్క వీధిలో అదనపు ఖర్చు కావచ్చు.

ఎలా పరీక్షించాలి?

ఏరికోరి తెచ్చిన సిబ్బందితో, ఎంపిక చేసిన రోగులతో, పెద్ద ఆసుపత్రిలో చేసిన ప్రయోగం సాయం పనిచేయగలదని చెబుతుంది. మంగళవారం ఉదయం రెండు వందల మంది ఓపీ ఉన్న పీహెచ్‌సీలో పనిచేస్తుందా అన్నది వేరే ప్రశ్న. డేనియల్ ష్వార్ట్జ్, జోసెఫ్ లెలూష్ అనే ఫ్రెంచి గణాంకవేత్తలు 1967లోనే ఈ రెండు రకాల ప్రయోగాలనూ వేరుచేసి చూపారు. సమాజానికి ఎక్కువగా కావాల్సింది రెండో రకం. పైన చెప్పిన స్మార్ట్‌హెల్త్, రేషన్స్, మానస్ అలాంటివే.

అవసరమున్న సగం మందికి సాయం ఆపడం న్యాయమా అన్న అభ్యంతరం గట్టిది. ముంబై, ఉస్మానాబాద్, దిండిగల్ ప్రయోగాల్లో పోలిక బృందాల్లోని స్త్రీలకు ఏళ్ల తరబడి పరీక్ష అందకపోవడం మీద అంతర్జాతీయంగా తీవ్ర విమర్శ వచ్చింది. ఆ విమర్శను తేలిగ్గా తీసుకోకూడదు. పనిచేస్తుందని తేలిపోయిన దాన్ని ఎవరికీ ఆపకూడదు. కానీ ఏ పథకమూ ఒకే రోజు అన్ని ఊళ్లకూ చేరదు. చేరే వరుసను ఎమ్మెల్యే సిఫారసుతో కాకుండా చీటీ తీసి నిర్ణయిస్తే, ముందు అందిన ఊళ్లనూ తర్వాత అందబోయే ఊళ్లనూ పోల్చవచ్చు. చివరికి అందరికీ అందుతుంది, నిజమూ తెలుస్తుంది. ఆఫ్రికాలోని గాంబియా 1986లో హెపటైటిస్ బి టీకాను ఇలాగే దేశమంతా విస్తరించింది. స్మార్ట్‌హెల్త్‌లో కూడా పీహెచ్‌సీలను విడతలుగా చేర్చింది ఈ పద్ధతిలోనే.

కొలిచేది ఏమిటన్నది ఇంకా ముఖ్యం. ఎంతమందిని పరీక్షించామన్నది ఖర్చు లెక్క. ఎంతమందికి చికిత్స మొదలైంది, ఏడాదికి ఎంతమంది నిలిచారు, ఎంతమందికి జబ్బు అదుపైంది అన్నవి ఆరోగ్యం లెక్కలు. కీడు కూడా లెక్కలో ఉండాలి: తప్పుగా జబ్బని తేలి హడలిపోయినవాళ్లు, చేయనక్కర్లేని ఆపరేషన్లు, బయటపడకూడని సంగతి బయటపడి నలుగురిలో నలిగినవాళ్లు. 2023లో మొదలైన సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందిని పరీక్షించాలనుకుంది. పాడేరు, భద్రాచలం మన్యాల్లో పరీక్ష ఫలితం రాసిచ్చిన కార్డు పెళ్లికెదిగిన పిల్ల చేతిలో ఏమవుతుందో కూడా ఆ లెక్కలో చేరాలి.

మన ముందున్న పని

తెలుగు రాష్ట్రాలకు ఈ విషయంలో మంచి పునాదే ఉంది. తెలంగాణ 2018లో, మళ్లీ 2023లో ‘కంటి వెలుగు’ కింద ఊరూరా కళ్లు పరీక్షించింది. ఒక్కో విడతలో కోటిన్నర మందికి పైగా. దగ్గరి చూపు అద్దాలు శిబిరంలోనే చేతికిచ్చారు. ఆ చిన్న వస్తువు విలువ తక్కువేమీ కాదు. అస్సాం తేయాకు తోటల్లో 40 దాటిన కూలీలకు దగ్గరి చూపు అద్దాలిచ్చిన ప్రయోగంలో, ఇవ్వనివారితో పోలిస్తే పని దిగుబడి 21.7 శాతం పెరిగింది. పరీక్ష, సాయం ఒకే బల్ల దగ్గర కలిసిన చోట మేలు రోగి వెంట ఇంటికెళ్తుంది. శుక్లం ఆపరేషన్ లాంటి, మళ్లీ ఎక్కడికో వెళ్లాల్సిన పనులకు అదే శ్రద్ధ కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో 104 వాహనాలు ఊళ్లకు డాక్టర్నీ మందుల్నీ తీసుకెళ్తున్నాయి. హైదరాబాద్ బస్తీ దవాఖానాలు వాడల్లోకి వెళ్లాయి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పెద్ద జబ్బుల్లో లక్షల కుటుంబాలను ఆదుకుంది. అయితే అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చును భరిస్తుంది. ఆ చేరికను పదేళ్లు వాయిదా వేయగల రోజువారీ బీపీ మాత్రకు కూడా అంతే హామీ దొరకాలి.

కనుక ఐదు పనులు జరగాలి. పీహెచ్‌సీ నెలవారీ నివేదికలో పరీక్షల సంఖ్య పక్కనే అదుపులోకి వచ్చినవారి సంఖ్య ఉండాలి, రెండో అంకెనే అధికారులు ముందు అడగాలి. మాత్రల నిల్వ, పై ఆసుపత్రిలో తేదీ ఖాయం కానిదే ఏ ఊళ్లోనూ కొత్త పరీక్ష మొదలుపెట్టకూడదు. గర్భాశయ ముఖద్వార పరీక్షకు ప్రతి పీహెచ్‌సీలో ఒక గది, ఒక నర్సు, అదే రోజు చికిత్స ఏర్పాటు చేయాలి. క్షయ ఉన్న ఇంటికి వెళ్లే ఆశా కార్యకర్త సంచిలో మాత్రలతో పాటు ఇంటిల్లిపాదికీ బియ్యం, పప్పు వచ్చేలా చౌక దుకాణంతో ఆ ఇంటిని కలపాలి. కొత్త పథకమేదైనా మండలాలకు విస్తరించేటప్పుడు వరుసను చీటీ తీసి నిర్ణయించి, ఫలితం అనుకూలమైనా కాకపోయినా ప్రచురించాలి. కామ్‌డెన్ వాళ్లు చూపిన ఆ ధైర్యం మన ఆరోగ్య శాఖలకు కూడా రావాలి. దాని వల్ల పోయేది ప్రతిష్ఠ కాదు, వృథా ఖర్చు.

ఈ పనుల బరువంతా ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం భుజాల మీదే పడుతుందని మరవకూడదు. ఇప్పటికే డజన్ల కొద్దీ రిజిస్టర్లు, యాప్‌లు మోస్తున్నవాళ్లకు కొత్త ప్రశ్న చేర్చినప్పుడల్లా పాతదొకటి తీసేయాలి, చేసిన పనికి తగిన జీతం ఇవ్వాలి. ఊరివాళ్లకు జవాబు చెప్పాల్సింది వాళ్లే. మీకు బీపీ ఉందని చెప్పి, మందు మాత్రం లేదనాల్సి వస్తే ఊరు నమ్మకం కోల్పోయేది ముందు వాళ్ల మీదే. ఆ నమ్మకం ఒకసారి పోతే మరుసటి ఏడాది ఎంత మంచి పరీక్ష తెచ్చినా తలుపు తెరుచుకోదు. రోగి తన సంగతి చెప్పుకున్నాడంటే మనం ఏదో చేస్తామని నమ్మాడనే అర్థం. చేయగలిగింది సిద్ధం చేసుకున్నాకే అడగాలి; అడిగాక చేసినదాన్ని కొలిచి జనం ముందు పెట్టాలి. స్క్రీనింగ్‌కు అంతకంటే వేరే న్యాయం లేదు.